లారీ నేర్చుకుంటున్నాం

మేం ముగ్గురం సంఘ సభ్యులం, లారీ నడపడం నేర్చుకుంటున్నాం. కారు లైసెన్సు వచ్చి ఏడాది నిండితేనే లారీకి ఎల్‌ఎల్‌ఆర్ ఇస్తారు. ఆలోచన ఉన్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి.

పక్క సీట్లో సీనియర్ డ్రైవరన్న కూర్చుంటాడు. గాలి మీటరు ముల్లు పైకెక్కేదాకా బండి కదలనివ్వడు. బ్రేకులు పనిచేసేది ఆ గాలితోనే మరి. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలి. బ్రేకు తొక్కుతూనే ఉంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

ఇవన్నీ నేర్చుకుంటే వస్తాయి. రాత్రి బండి ఆపుకోవడానికి భయం లేని చోటు, గడియ పడే మరుగుదొడ్డి మాత్రం దారిలో దొరకడం లేదు. రోడ్డు పక్క ఊళ్ల సంఘాలు తలా ఒక చోటు చూపిస్తే చాలు. అప్పుకన్నా ముందు మాకు కావాల్సింది అదే.