బొమ్మలు దాచిన మిత్రుడు
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో విశ్రాంత డ్రాయింగ్ ఉపాధ్యాయుడి ప్రసంగ పాఠం)



నన్ను మీరంతా 'డ్రాయింగ్ సార్' అనే పిలిచేవారు. ఈ ఊళ్ళో బొమ్మ నేర్పడం నాకు కష్టం కాలేదు. కరణ్‌కోట పిల్లలకు ఇంటి ముందర పరిచిన నాపరాయే పలక. ఒక సుద్దముక్క దొరికితే చాలు, బండ నిండా బొమ్మలే.

ఇవాళ మీకు ఒక బొమ్మల బడి కథ చెప్తాను. అది మన జిల్లాది కాదు, రాజమహేంద్రవరానిది. ఎందుకు చెప్తున్నానో చివర మీకే తెలుస్తుంది.

దామెర్ల రామారావు గారు 1897లో ఆ ఊళ్ళోనే పుట్టారు. చదువు మీద కంటే బొమ్మల మీద ధ్యాస ఎక్కువ. అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అది గమనించారు. మందలించలేదు సరికదా, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపడానికి పూనుకున్నారు. రామారావు గారు 1916లో అక్కడ చేరారు. చదువు ముగిశాక బొంబాయిలో ఉండిపోలేదు, సొంత ఊరికి తిరిగొచ్చారు. 1920ల మొదట్లో చిత్రకళాశాల పెట్టారు. అది సర్కారు బడి కాదు, సొంత పూనికతో పెట్టుకున్నది. మన నేల, మన మనుషులు, మన గోదావరి మన గీతల్లోనే కనబడాలన్నది ఆయన తపన. 'ఋష్యశృంగ బంధనం', 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాలు ఆ తపనలోంచే వచ్చాయి. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా చిత్రకారిణులే.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి ఆయన కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్ళు ఇంకా నిండలేదు. పెట్టినవాడే పోతే అంత చిన్న బడి ఏమవుతుంది? మామూలుగా మూతపడుతుంది. బొమ్మలు తలా ఒకటి తీసుకుపోతారు. మిగిలినవి అటక మీద చెదలు తింటాయి.

అలా కానివ్వని మనిషి వరదా వెంకటరత్నం గారు. ఆయన కూడా చిత్రకారుడే, రామారావు గారి మిత్రుడు. బడి బాధ్యత తన మీద వేసుకున్నారు. మిత్రుడి చిత్రాలను పోగుచేసి కాపాడారు. రాజమహేంద్రవరంలో రామారావు గారి పేర ఇవాళ ఆర్ట్ గ్యాలరీ ఉందంటే, ఆనాడు ఆ మిత్రుడు పట్టుకున్న పట్టే కారణం. అంత చిన్న వయసులో పోయిన మనిషిని వందేళ్ళ తరవాత కూడా మనం చూడగలుగుతున్నాం.

ఇక నా సంగతి. ఏటా మార్చిలో స్టాఫ్ రూమ్ ఖాళీ చేసేటప్పుడు మీ డ్రాయింగ్ షీట్లు కట్టలు కట్టి పాత కాగితాల వాడికి వేసేవాణ్ణి. వచ్చిన డబ్బుతో సుద్దలు, రంగులు కొన్నాను కాబట్టి తప్పనిపించలేదు. పోయిన నెల మీలో ఒకరు ఫోన్ చేసి, "సార్, నేను వేసిన కంది చేను బొమ్మ మీ దగ్గర ఉందా? మా పాపకు చూపిస్తా" అని అడిగారు. ఆ చేను ఇప్పుడు లేదట, రాతి గని అయిందట. ఏం చెప్పను? లేదమ్మా అన్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వెంకటరత్నం గారు చేసిన పని పెద్ద ధనం ఉంటేనే అయ్యేది కాదు. పారేయకపోవడం, అంతే. నాకు ఆ బుద్ధి పుట్టలేదు.

అందుకే సంఘానికి ఒక్క మనవి. ఈ సావనీరుతో పాటు బడికి ఒక ఇనుప బీరువా కొనివ్వండి. ఏటా ప్రతి తరగతి నుంచి పది బొమ్మలు, వెనక పేరు, సంవత్సరం రాసి అందులో పెట్టించండి. మీ ఇళ్ళల్లో పాతవి ఏవైనా ఉంటే తెచ్చి ఇవ్వండి. మొదటి ఏడాది ఆ రాతపని నేనే వచ్చి చేస్తాను.

సెలవు.