జానీ లీవర్ బతుకు మన ఇళ్లకు ఏం చెబుతుంది?

(వార్షికోత్సవ సభలో సాంస్కృతిక విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి ఒక కళాకారుడి జీవితం గురించి మాట్లాడమని సంఘం మాకు చెప్పింది. హరికథ దాసు గురించో, నాట్యాచార్యుల గురించో చెబుతామని మీరు అనుకొని ఉండొచ్చు. మేము మాత్రం నవ్వించేవాడిని ఎంచుకున్నాం. ఆయన పేరు జానీ లీవర్. మన చేనేత కులాలవాడు కాదు. కానీ మనలాగే తెలుగు ఇంట పుట్టి, బతుకుతెరువు కోసం మరాఠీ గడ్డ చేరిన కుటుంబం వాడు. ఆ మాటకొస్తే ఆయన కథలో మన ఇళ్ల కథ చాలా ఉంది.

అసలు పేరు జాన్ ప్రకాశరావు జనుమల. 1957 ఆగస్టు 14న కనిగిరిలో పుట్టాడు. కనిగిరి అంటే వానలు సరిగ్గా పడని మెట్ట ప్రాంతం. అక్కడివాళ్లు పనికోసం ఊరు విడవడం కొత్త కాదు. తండ్రి ప్రకాశరావు గారు ముంబైలో హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. తల్లి కరుణమ్మ గారు. ముగ్గురు చెల్లెళ్లకు, ఇద్దరు తమ్ముళ్లకు ఈయనే పెద్ద. పెరిగింది ధారావిలో. పెద్దకొడుకు అంటే మన ఇళ్లలో ఏమిటో మీకు విడిగా చెప్పక్కర్లేదు కదా. సగం తండ్రి బరువు వాడి మీదే ఉంటుంది.

చదివింది ముంబైలో తెలుగువాళ్లు పెట్టుకున్న ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ హైస్కూల్లో. ఏడో తరగతితో ఆగిపోయింది. కారణం డబ్బు లేకపోవడం. తండ్రికి తాగుడు అలవాటు ఉండేదని, ఇల్లు గడవడం కష్టమయ్యేదని ఆయనే తరవాత బహిరంగంగా చెప్పుకున్నాడు. సాంచాలు నడిచే మన ఊళ్లలో వారం కూలి చేతిలో పడిన సాయంత్రం ఏం జరుగుతుందో తెలిసిన వాళ్లకు ఈ మాట దగ్గరి మాటే. ఆ ఇంట చదువు ఆపుకున్నది పిల్లవాడు. తప్పు మాత్రం పిల్లవాడిది కాదు.

బడి మానేశాక రోడ్డు మీద పెన్నులు అమ్మాడు. ఊరికే అమ్మితే ఎవరు కొంటారు? పేరున్న హిందీ నటుల గొంతులు తీసి, వాళ్ల పాటలకు అడుగులు వేసి అమ్మేవాడు. జనం నవ్వు కోసం ఆగేవారు, ఆగినవాళ్లు పెన్ను కొనేవారు. తొలిరోజుల్లో కొంతకాలం హైదరాబాద్ పాతబస్తీ యాకుత్‌పురాలోనూ ఉన్నాడు. ఆ గల్లీల మాటతీరు, ఆ విరుపు ఆయన హాస్యంలోకి అక్కడినుంచే వచ్చాయి.

ఇక్కడ ఒక మాట గమనించండి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, పక్క గుడిసెలో తమిళం, బజార్లో హిందీ. మన పిల్లలూ ఇలాగే పెరుగుతున్నారు. బరంపురంలో తెలుగు, ఒడియా. సేలంలో తెలుగు, తమిళం. బళ్లారిలో తెలుగు, కన్నడం. "మా పిల్లలకు ఏ భాషా సరిగ్గా రాదండీ" అని మన తల్లులు బాధపడుతుంటారు. నిజానికి నాలుగు యాసలు చెవిలో పడ్డ పిల్లకు నాలుగు రకాల మనుషులు తెలుస్తారు. మిమిక్రీకి అదే పెట్టుబడి. జానీ లీవర్ దగ్గర మొదట్లో ఉన్న ఆస్తి అదొక్కటే.

పెద్దయ్యాక తండ్రి పనిచేసే ఫ్యాక్టరీలోనే చేరాడు. అక్కడ 100 కిలోల డ్రమ్ములు దొర్లించడం, మోయడం పని. సుమారు ఆరేళ్లు చేశాడు. పని మధ్యలో తోటివాళ్లను నవ్వించేవాడు. ఒకసారి యూనియన్ వాళ్ల కార్యక్రమంలో పై అధికారులను ఒక్కొక్కరినీ అనుకరించి చూపించాడు. హాలంతా పడీపడీ నవ్వింది. ఆరోజు నుంచి కార్మికులు ఆయన్ని జానీ లీవర్ అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు ఏ సినిమా కంపెనీ పెట్టింది కాదు, డ్రమ్ములు మోసే తోటి కార్మికులు పెట్టింది. తరవాత ఎంత పేరొచ్చినా ఆయన దాన్ని మార్చుకోలేదు.

మన మగ్గాల షెడ్డులోనూ ఇలాంటివాడు ఒకడు ఉంటాడు. సేటు నడక నడుస్తాడు, మేస్త్రీ దగ్గు దగ్గుతాడు. రాత్రి పాళీలో నిద్ర రాకుండా కాపాడేది టీ ఒక్కటే కాదు, వాడు కూడా. వాణ్ణి మనం "వీడికి పనిలేదు" అంటాం. ఇకమీద ఆ మాట అనేముందు కాస్త ఆలోచించాలి.

ఉద్యోగం చేస్తూనే బయట స్టేజీ షోలు ఇవ్వడం మొదలుపెట్టాడు. ఆర్కెస్ట్రాలలో పాటకూ పాటకూ మధ్య జనాన్ని కూర్చోబెట్టే పని అది. సంగీత దర్శకులు కళ్యాణ్‌జీ-ఆనంద్‌జీ ఆయన్ని తమ బృందంలోకి తీసుకున్నారు. షోల మీద రాబడి నిలకడగా కనిపించాక 1981లో ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశాడు. మరుసటి ఏడు అమితాబ్ బచ్చన్‌తో కలిసి విదేశాల్లో ప్రదర్శనలకు వెళ్లాడు. హెచ్.ఎం.వి. వాళ్లు తెచ్చిన "హసీ కే హంగామే" క్యాసెట్ ఆయన గొంతును ఇళ్లలోకి, టీ కొట్లలోకి చేర్చింది. మన దేశంలో స్టాండప్ కామెడీకి తొలి దారి వేసినవాళ్లలో ఆయన ఒకరు.

ఆ సంవత్సరాలు మన పెద్దలకు బాగా గుర్తుంటాయి. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై బట్టల మిల్లుల సమ్మె మొదలైంది. సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు పని మానారు. చాలామందికి ఆ పని మళ్లీ దొరకనే లేదు. అందులో మన తెలుగు నేత కుటుంబాలూ ఉన్నాయి. పర్మనెంట్ ఉద్యోగం అంటే దేవుడిచ్చిన వరం అనుకున్న కాలంలో ఒకడు దాన్ని వదిలి నవ్వుల వెంట పోయాడు. వదలకుండా పట్టుకున్న వేలమందికి మిల్లే లేకుండా పోయింది. దీన్నిబట్టి ఉద్యోగం వదిలేయండి అని మేము చెప్పడం లేదు. ఏ పనీ ఎల్లకాలం మనది కాదని, చేతిలో రెండో విద్య ఉండాలని మాత్రం చెబుతున్నాం.

సినిమాలకు వస్తే, సునీల్ దత్ తీసిన "దర్ద్ కా రిష్తా" 1982లో వచ్చింది. అది ఆయన తొలినాటి సినిమాలలో ఒకటి. కానీ పెద్ద పేరు వెంటనే రాలేదు. 1993లో "బాజీగర్" వచ్చేదాకా పదేళ్లకు పైగా చిన్న వేషాలే. అందులో మతిమరుపు బాబూలాల్‌ను చూసి నవ్వనివాళ్లు లేరు. తరవాత "దీవానా మస్తానా", "దూల్హే రాజా" సినిమాలకు ఉత్తమ హాస్యనటుడిగా ఫిల్మ్‌ఫేర్ అవార్డులు వచ్చాయి. మొత్తం సినిమాలు 300 దాటాయి. పదేళ్లు ఆగగలిగినవాడికే ఆ పదకొండో ఏడు వచ్చింది.

ఇక ఇంటి సంగతి. 1984లో సుజాత గారితో పెళ్లి. కూతురు జేమీ, కొడుకు జెస్సీ. కొడుక్కి చిన్నతనంలో మెడ దగ్గర కణితి వచ్చింది. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ నలిగిపోయారు. చికిత్స జరిగి పిల్లవాడు కోలుకున్నాడు. ఆ తరవాత తన జీవితం తీరే మారిపోయిందని ఆయన పలుచోట్ల చెప్పాడు. నవ్వించేవాడి ఇంట్లో ఏడుపు ఉండదని అనుకోకూడదు. తెరమీద గంతులేస్తున్నప్పుడు మనసులో ఏముందో చూసేవాళ్లకు తెలియదు.

కూతురు జేమీది ఇంకో పాఠం. తండ్రి ఏడో తరగతితో ఆగాడు. కూతురు లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ యూనివర్సిటీలో మార్కెటింగ్ చదివింది, అక్కడే ఉద్యోగం చేసింది. 2012లో ముంబై వచ్చి స్టాండప్ కామెడీ మొదలుపెట్టింది. 2015లో హిందీ సినిమాలోకి, 2024లో "ఆ ఒక్కటీ అడక్కు" సినిమాతో తెలుగు తెర మీదకి వచ్చింది. కనిగిరి నుంచి పనికోసం వెళ్లిన ప్రకాశరావు గారి మనవరాలు తెలుగు సినిమాలో నటించడానికి తిరిగొచ్చింది. పరాయి రాష్ట్రాల్లో మూడు తరాలుగా ఉంటున్న మనకు ఇది చిన్న సంతోషం కాదు.

ఇప్పుడు మన విషయానికి వద్దాం. మన ఇళ్లలో పిల్లలు ఫోను ముందు నిలబడి వీడియోలు చేస్తున్నారు. "చదువు మానేస్తా, కామెడీ చేస్తా, జానీ లీవర్ ఏడో తరగతే కదా" అంటున్నారు. వాళ్లకు ఒకటే జవాబు. ఆయన బడి మానింది కామెడీ కోసం కాదు, ఇంట్లో తిండికి ఇబ్బందై. తనకు వీలు కాగానే తన పిల్లను విదేశంలో చదివించాడు. చదువు విలువ చదువు అందనివాడికే బాగా తెలుసు. ఇంకోటి, ఆయన ఉద్యోగం వదిలింది ఆరేళ్లు డ్రమ్ములు మోశాక, షోల మీద కూడు దొరుకుతుందని తేలాక. రెండు చేతులతో రెండు పనులు చేసి, ఒకటి నిలబడ్డాకే రెండోది వదిలాడు.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్ల నవ్విస్తుంటే కొట్టకండి. ఎవరిని చూసి నవ్విస్తోందో చూడండి. జానీ లీవర్ ఫ్యాక్టరీలో అనుకరించింది తనకంటే పైవాళ్లను, అదీ అందరి ముందు, అందరూ నవ్వేలా. మనవాళ్లు పెళ్లిళ్లలో నల్లగా ఉన్న పిల్లమీద, కాలు కుంటివాడిమీద జోకులు వేస్తారు. అది హాస్యం కాదు. బలహీనుణ్ణి కొట్టి నవ్వడం తేలిక. బలమున్నవాడి ముందు నిలబడి, వాడు కూడా నవ్వేలా చెప్పడమే విద్య.

అందుకే సంఘానికి మూడు విన్నపాలు. ఒకటి, ప్రతి ఊరి శాఖ వార్షిక సభలో పిల్లలకు అరగంట వేదిక ఇవ్వాలి. సన్మానాలు అరగంట తగ్గినా ఎవరికీ నష్టం లేదు. రెండు, ఏడో తరగతి దాటే దగ్గర బడి మానే పిల్లలు ఎక్కడున్నారో శాఖలవారే ఇల్లిల్లూ తిరిగి చూసుకోవాలి. ఆ ఒక్క ఏడు ఫీజు కడితే చాలామంది నిలబడతారు. మూడు, తాగుడు గురించి మన సభల్లో నోరు విప్పి మాట్లాడాలి. జానీ లీవర్ ఎవరినీ నిందించకుండా తన ఇంటి మాట చెప్పుకున్నాడు. మనమూ అలాగే చెప్పుకోవచ్చు.

ధారావిలో పెన్నులమ్మిన ఒక్క పిల్లవాడు పైకొచ్చాడు. అదే రోడ్డు మీద అమ్మినవాళ్లు ఇంకెందరో పైకి రాలేదు. వాళ్లలో తెలివి తక్కువై కాదు, చేయి పట్టుకున్నవాళ్లు లేక. మన పిల్లల విషయంలో ఆ చేయి ఈ సంఘానిది కావాలి.