కట్టబోమని చెప్పిన కార్మికులు
(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



వేతన సవరణ, పింఛను, ఖాళీల భర్తీ - ఇవి మన నిత్య సమస్యలు. నదీతీరపు శివారులో ఆకాశహర్మ్యాలు లేస్తున్నాయని అక్కడి నివాసులు మన వద్దకు వచ్చి మొరపెట్టుకుంటే, అది మన కోర్కెల పత్రంలో లేని విషయమని మనమే అనేక పర్యాయాలు త్రోసిపుచ్చాము. ఆ వైఖరి సరియైనదేనా? ఆస్ట్రేలియా కార్మికోద్యమ చరిత్రలోని ఒక ఘట్టాన్ని మీ ముందుంచుతున్నాము.

సిడ్నీ నగరంలో పర్రమట్టా నది ఒడ్డున హంటర్స్ హిల్ అనే శివారు ఉంది. కలవారు నివసించే చోటు. అక్కడ కెల్లీస్ బుష్ అనే సుమారు 12 ఎకరాల అడవి మిగిలి ఉండేది. ఒక నిర్మాణ సంస్థ అందులో మొదట బహుళ అంతస్తుల భవనాలు, తరువాత ఖరీదైన గృహాలు కట్టదలచింది. 1970లో 13 మంది స్త్రీలు సంఘంగా ఏర్పడి పురపాలక సంఘం మొదలు రాష్ట్ర ప్రభుత్వం వరకు అందరినీ ఆశ్రయించారు. ఫలితం శూన్యం. చివరకు వారు తలుపు తట్టినది భవన నిర్మాణ కూలీల సమాఖ్య న్యూ సౌత్ వేల్స్ శాఖను. దాని కార్యదర్శి జాక్ మండీ, కమ్యూనిస్టు.

సంపన్నుల చెట్ల కోసం కూలీలు తమ పని ఎందుకు వదులుకోవాలి? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు; మన సభ్యులూ ఇదే అడుగుతారు. యూనియన్ వెంటనే సరే అనలేదు. ముందు బహిరంగ సభ జరిపి ప్రజాభిప్రాయం చూపండి అన్నది. సుమారు 600 మంది వచ్చి నిషేధం కోరారు. 1971 జూన్‌లో నిషేధం అమలైంది. యూనియన్‌లో లేని కూలీలతో కట్టిస్తామని సంస్థ బెదిరించింది. అప్పుడు అదే సంస్థ ఉత్తర సిడ్నీలో కట్టిస్తున్న కార్యాలయ భవనంపై కూలీలు సమావేశమై, కెల్లీస్ బుష్‌లో ఒక్క చెట్టు కూలినా ఈ భవనం శాశ్వతంగా అసంపూర్తిగానే నిలుస్తుందని తీర్మానించారు. సంస్థ వెనుకకు తగ్గింది. మన అనుభవంలో వంద వినతిపత్రాలు సాధించనిది ఒక్క తీర్మానం సాధించింది!

ఈ చర్యలకే తరువాత హరిత నిషేధాలనే పేరు వచ్చింది. శ్రమ మాది గనుక అది దేనికి వినియోగపడాలో చెప్పే హక్కు కూడా మాదేనన్నది మండీ వాదం. కలవారి పేటతోనే అది ఆగలేదు. నౌకాశ్రయం ప్రక్కన పేదలు, శ్రామికులు నివసించే ది రాక్స్, వుల్లుమూలూ పేటలకూ నిషేధం రక్షణ ఇచ్చింది. వుల్లుమూలూలో అనంతరం ప్రభుత్వ గృహాలు వెలిశాయి.

మూల్యం తక్కువేమీ కాదు. 1974 మేలో మన అగ్రజులు రైల్వే సమ్మెలో నిర్బంధాలకు గురైన ఆ సంవత్సరంలోనే జాతీయ సమాఖ్య నాయకత్వం ఆ శాఖను స్వాధీనం చేసుకొనడానికి పూనుకుంది. 1975లో మండీనీ, ఆయన సహచరులనూ సభ్యత్వం నుండి బహిష్కరించింది. వారిని దెబ్బతీసినది యజమానులు మాత్రమే కాదని, సాటి యూనియన్ నాయకులు కూడానని బాధతో చెప్పుకోవాలి. కెల్లీస్ బుష్ మాత్రం నిలిచింది; 1983లో రాష్ట్ర ప్రభుత్వం దానిని ప్రజల పరం చేస్తున్నట్లు ప్రకటించింది.

మనం కట్టడాలు కట్టేవారం కాము, నిజమే. అయితే 2005 నాటి రైల్వే చట్ట సవరణ తరువాత రైల్వే భూముల వాణిజ్యాభివృద్ధికి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కాలనీల స్థలాలు సైతం లీజుకు వెళుతున్నాయి. అట్టి ప్రకటన వెలువడిన చోట శాఖా కార్యదర్శులు క్వార్టర్లలోని కుటుంబాలను, చుట్టుప్రక్కల నివాసులను ఒకే సభకు పిలవాలని, వచ్చిన అభిప్రాయాలను మినిట్స్‌లో వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపాలని కోరుతున్నాము. ఇక మీ ప్రశ్నలు వింటాము.