బాలలో మొదలైన గీత

సైదాబాద్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా నారాయణగూడ వెళ్తే అక్కడ ఆంధ్ర బాలానంద సంఘం ఉంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల కోసం నడిపిన సంస్థ అది. ఆ దంపతులే మద్రాసులో ఉండగా 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. అందులో బొమ్మలు వేసిన వాళ్లలో ఒక బడిపిల్లవాడు సత్తిరాజు లక్ష్మీనారాయణ. మన బాపు!

1933లో పుట్టిన బాపు మద్రాసులో లా చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు. అయినా వకీలుగా స్థిరపడలేదు. బొమ్మే ఆయన్ను లాగింది. అదే ‘బాల’లో రాసిన ముళ్లపూడి వెంకటరమణ తర్వాత బుడుగు అనే గడుసు పిల్లవాణ్ణి సృష్టిస్తే, వాడికి రూపమిచ్చింది బాపు. ఎన్నో గీతలు అక్కర్లేదు. వాడు నిలబడ్డ తీరులోనే ఆ గడుసుతనమంతా తెలిసిపోతుంది. పిల్లల పుస్తకానికి బొమ్మలు వేయడంలో అసలు కష్టం ఇదే. కథ చెప్పిందే మళ్లీ గీస్తే చాలదు. కథ చెప్పకుండా వదిలింది చూపాలి. పైగా మొదటి పేజీలోని పిల్లవాడు చివరి పేజీలోనూ వాడేనని పిల్లలు గుర్తుపట్టాలి. అందుకే అనుభవమున్న చిత్రకారులు ముందు ఒకే పాత్రను ముందునుంచి, పక్కనుంచి, నవ్వుతూ, అలుగుతూ గీసి చూసుకుంటారు. పుస్తకం మొత్తాన్నీ చిన్న చిన్న గళ్లలో వేసుకున్నాకే రంగులు ముట్టుకుంటారు.

ఉద్యోగం చేస్తూనో, పిల్లల్ని పెంచుతూనో కుంచె పక్కన పెట్టినవారు మన దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు ఎందరో ఉంటారు. మీరూ వారిలో ఒకరైతే, మీకు తెలిసిన ఒక చిన్న కథ తీసుకోండి. ఈ ఆదివారం ఆ గళ్లు గీయండి.