ఊరి సమాచారమూ సెమాంటిక్ వెబ్బూ

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం వరుసగా దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయిందన్న సంగతి చదువరికి ఒక్క వాక్యంతో బోధపడుతుంది. కంప్యూటరుకు మాత్రం అది అక్షరాల వరుస, అందులో ఏది ఊరో, ఏది తేదీయో, ఎవరు ఎవరి మీద దాడి చేశారో దానికి తెలియదు. ఆ తెలివిడిని సమాచారంతోనే ముడివేసి ఉంచే పద్ధతిని సెమాంటిక్ వెబ్ అంటారు. టిమ్ బెర్నర్స్-లీ, జేమ్స్ హెండ్లర్, ఓరా లస్సిలా 2001 మే నెల సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో దాని స్వరూపాన్ని వివరించారు. దీనికి పునాది అయిన ఆర్‌డీఎఫ్ విధానంలో ప్రతి సంగతీ విషయం, సంబంధం, విలువ అనే మూడు భాగాల ప్రకటన అవుతుంది: సీతారామరాజు, సమాధి ఉన్న చోటు, కృష్ణదేవిపేట.

ప్రతి విషయానికీ మారని గుర్తింపు ఒకటి ఉండటమే ఇందులోని అసలు బలం. కృష్ణదేవిపేట అని రాసినా కె.డి.పేట అని రాసినా ఊరు ఒక్కటే. తిరుగుబాటు చరిత్రలో సీతారామరాజు అనుచరుడిగా కనిపించే గాం మల్లుదొర, 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికైన మల్లుదొర కూడా ఒక్కరే; వేర్వేరు చోట్ల ఉన్న ఈ రెండు వివరాలూ ఒకే గుర్తింపు కిందికి వస్తే, నర్సీపట్నంలో చదివే విద్యార్థికి ఆ జీవితం మొత్తం ఒక్కచోట దొరుకుతుంది.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనలో కృష్ణదేవిపేట ఉన్న గొలుగొండ మండలం అనకాపల్లి జిల్లాకూ, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాకూ వెళ్ళాయి. రెంటినీ విశాఖపట్నం జిల్లాలో చూపే పాత పుస్తకం తప్పు చెప్పలేదు, ఎప్పటి మాటో చెప్పలేదంతే. 2012లో మొదలైన వికీడేటా అనే ఉమ్మడి సమాచార నిధిలో ప్రకటనకు ప్రారంభ, ముగింపు తేదీలనూ ఆధారాన్నీ జతచేయవచ్చు. సీతారామరాజు జన్మస్థలాన్ని కొందరు పాండ్రంగి అనీ, కొందరు మోగల్లు అనీ రాస్తున్నందున, రెంటినీ వాటి వాటి ఆధారాలతో పక్కపక్కన నిలపడమే నిజాయతీ.

ఇంత మేలైన పద్ధతి ఇన్నేళ్ళయినా నిత్యవ్యవహారంలోకి రాకపోవడానికి కారణం, ఏయే రకాల విషయాలుంటాయో, వాటి మధ్య ఏయే సంబంధాలు చెల్లుతాయో నిర్ణయించే ఆంటాలజీ అనే చట్రాన్ని ముందే నేర్చుకోమని సామాన్యుణ్ణి అడగడమే. ఆ అవసరం లేదు. గ్రంథాలయపు పుస్తకాల రిజిస్టరులో వరుస ఒక విషయం, గడి పైనున్న శీర్షిక ఒక సంబంధం, గడిలో రాసింది విలువ. మూడు భాగాల ప్రకటనలు అక్కడ ఏనాటి నుంచో ఉన్నాయి. ఊరి పేరు తెలుగులో టైపు చేయగానే మండలంతో సహా చూపి, ఇదేనా అని అడిగే పని సాఫ్ట్‌వేరుది; రాసేవారు అవునంటే చాలు.

అయితే రేషను, భూమి, ఆరోగ్యం వంటి వ్యక్తిగత వివరాలను ఈ అల్లికలోకి రానీయకూడదు, ఎందుకంటే మల్లుదొర జీవితాన్ని ఒక్కచోట చేర్చిన ఆ గుర్తింపే, విడివిడిగా ఏ హానీ చేయని రెండు వివరాలను కలిపి ఒక కుటుంబపు గుట్టును బయటపెట్టగలదు.