పడిపోయిన చేతికి మళ్ళీ చదువు



నేను డాక్టరును కాను, బడిపంతులును. అయినా పక్షవాతం గురించి మాట్లాడతానని అడిగి మరీ ఒప్పించుకున్నాను. మన ఇళ్ళలో ఫాలిజ్ అనే ఈ జబ్బులో ప్రాణం దక్కాక మిగిలే పని చాలావరకు చదువు చెప్పడం లాంటిదే.

మెదడులో రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా అక్కడి నాడీకణాలు చనిపోతాయి. చనిపోయినవి తిరిగి రావు. కానీ చుట్టూ బతికి ఉన్న కణాలు కొత్త కొమ్మలు చాచి ఒకదానితో ఒకటి కలుస్తాయి. వాడకంలో లేని పాత దారులు తెరుచుకుంటాయి. రోడ్డు తెగిపోతే జనం పొలంగట్ల మీద నడిచి కొత్త బాట వేసుకుంటారు కదా, అలా. అయితే రోజూ నడిచేవాళ్ళుంటేనే బాట పడుతుంది.

దీనికి రుజువుంది. అమెరికాలో రాండాల్ఫ్ న్యూడో బృందం 1996లో కోతులపై చేసిన ప్రయోగ ఫలితాలు ప్రకటించింది. చేతిని నడిపే మెదడు భాగంలో కొద్దిగా దెబ్బతిన్నాక ఏ సాధనా లేని కోతుల్లో, దెబ్బ తగలని పక్క భాగం కూడా చేతి పనిని వదులుకుంది. చిన్న గుంటల్లోంచి మేత గుళికలు తీయడం రోజూ చేయించిన కోతుల్లో ఆ భాగం నిలిచింది. వాడని చెయ్యి మెదడులో తన చోటు కూడా పోగొట్టుకుంటుందన్నమాట.

మనుషుల్లోనూ ఇదే. పడిపోయిన చేతితో రెండుసార్లు ప్రయత్నించి, రాకపోతే మంచి చేతికి అలవాటు పడతాం. అందుకే ఎడ్వర్డ్ టాబ్ అనే శాస్త్రవేత్త మంచి చేతికే తొడుగు వేసి కట్టడి చేయమన్నారు. ఆ పద్ధతిని 222 మందిపై పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. వారంతా మణికట్టు, వేళ్ళు కొద్దిగానైనా కదిలించగలవారే. రెండు వారాల గట్టి సాధన పొందినవారి చెయ్యి మామూలు వైద్యం పొందినవారి కంటే మెరుగైంది. ఆ లాభం ఏడాది తర్వాత కూడా నిలిచింది.

న్యూయార్క్‌లో పెద్రో బాకీరీటా అనే అధ్యాపకుడుండేవారు. 65 ఏళ్ళ వయసులో పక్షవాతం వచ్చి నడక, మాట పోయాయి. వైద్యం చదువుతున్న కొడుకు జార్జ్ ఆయన్ను పసిపిల్లాడిలా ముందు పాకించాడు, గోళీలాడించాడు, బలహీనమైన చేతితో గిన్నెలు కడిగించాడు. ఆ పెద్దాయన మళ్ళీ పాఠాలు చెప్పారు. ఏళ్ళ తర్వాత మరణించాక పరీక్షిస్తే మెదడులో దెబ్బ భారీగా అలాగే ఉంది. దాన్ని చూసిన మరో కొడుకు పాల్, మెదడు మార్పులనే తన పరిశోధన చేసుకున్నారు.

ఇక మన ఇళ్ళు చూడండి. కోడలు ముద్దలు కలిపి నోట్లో పెడుతుంది. కొడుకు గుండీలు పెడతాడు. అది ప్రేమే, కాదనను. కానీ పలక మీద అక్షరం పిల్లవాడి బదులు మనమే దిద్దితే వాడికి రాత వస్తుందా? గుండీకి పది నిమిషాలు పడితే పట్టనివ్వండి. పక్కన కూర్చోండి, చేసిపెట్టకండి.

అందరికీ పూర్తిగా నయమవుతుందని చెబితే అబద్ధం. మొదటి నెలల్లో మార్పు వేగంగా ఉంటుంది. తర్వాత నెమ్మదిస్తుంది కానీ సాధన మానకూడదు. ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చేయించాలి అన్నది డాక్టరు, ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే చేయాలి.

సంఘానికి నా మనవి ఒక్కటే. మనం ఏటా చక్రాల కుర్చీలు ఇస్తున్నాం, ఇవ్వాలి కూడా. కానీ మన బస్తీలో దర్జీకి, మెకానిక్కుకు, తాపీమేస్త్రీకి చెయ్యే జీవనాధారం. కుర్చీతో పాటు మూడు నెలల ఫిజియోథెరపీ ఖర్చు కూడా భరిద్దాం. రోజూ గంటసేపు ఆ ఇంటికి వెళ్ళి సాధన చేయించే ఇద్దరు యువకులను తయారు చేద్దాం. ఎలా నేర్పాలో ఫిజియోథెరపిస్టు చూపిస్తే, ఓపిగ్గా పదేపదే చేయించడం మా టీచర్లకు అలవాటే. నా పేరు మొదట రాసుకోండి.