ఇంట గట్టిన విమానములో మాట వినబడు విధము

పోలవరము రేవున లాంచి నెక్కినవారికి యంత్రపు రొదలో ప్రక్కవాని మాట వినరాదని తెలియును. చిన్న విమానమునను అంతే. చోదకుడు చెవులకు హెడ్ ఫోనులు తగిలించుకొని నేలమీదివారి మాట రేడియో మూలమున వినును. ముంబయిలో అమోల్ యాదవ్ అను వైమానికుడు తమ యింటి మేడపై విమానము నిర్మించి 2016లో ప్రదర్శించెను. ఇట్లు కట్టువారికి రెక్కలకంటె తీగెలే చిక్కు తెచ్చునని నా తలంపు. మాట తెచ్చు తీగెను, కెమెరా తీగెను జనరేటరు తీగెలకు దూరముగా నడపవలెను. మాట తీగెపై లోహపు అల్లిక తొడుగుండును. దానిని ఒక్క కొననే విమానపు లోహమునకు కలుపవలెను. రెండు కొనలును కలిపినచో అడ్డదారిని విద్యుత్తు పారి, యింజను వేగముతో హెచ్చు కీచుధ్వని చెవిలో పుట్టవచ్చును. ఆ కీచులో "దిగవద్దు" అను పలుకున "వద్దు" మునిగిపోయినచో నేమగునో తమరే యూహింపుడు.